స్వభావం ఒంట్లో ఉంటుందా?

మన ప్రవచనాల్లో పశుజన్మ అంటే శిక్ష. పాపం పండిన జీవుడు మనిషి మెట్టు నుంచి జారి నాలుగు కాళ్ళ మీదికి దిగుతాడని, ఎండకు ఎండి, వానకు తడిసి, చలికి వణికి ఆ బాకీ తీర్చుకుంటాడని చెబుతారు. ఈ లెక్కే నిజమైతే మస్క్ ఆక్స్‌కు పడినంత శిక్ష మరే జంతువుకూ పడి ఉండదు. ఉత్తర ధ్రువానికి దగ్గరగా, కెనడా ద్వీపాల్లోనూ గ్రీన్‌లాండ్‌లోనూ మేసే జంతువు అది. కస్తూరి ఎద్దు అనుకుందాం. ఏడాదిలో ఎక్కువ నెలలు అది మేసే నేల మంచు కిందే ఉంటుంది. నడి చలికాలంలో వారాల తరబడి పొద్దు పొడవదు. చలి సున్నాకు 40 డిగ్రీల దిగువకు పోతుంది. చెట్టూ పుట్టా లేని ఆ బయలులో, ఆ ఈదురుగాలిలో, ఆ మంద కదలకుండా నిలబడి ఉంటుంది. సంక్రాంతి చలికే శాలువాలు తీసే ఖమ్మం వాళ్ళకు ఆ దృశ్యం తలుచుకుంటేనే జాలి పుడుతుంది. కానీ ఆ జాలి పుట్టింది మన ఒంట్లో. దాని ఒంటితో ఆ జాలికి సంబంధం లేదు.

ఆ ఒళ్ళు ఎలాంటిదో చూడండి. పై వెంట్రుకలు దాదాపు నేలను తాకేంత పొడుగు. వాటి కింద ఇన్యూట్ ప్రజలు కివియుట్ అని పిలిచే మెత్తటి లోపలి ఉన్ని దట్టంగా అల్లుకుని ఉంటుంది. తోక, చెవులు ఆ జూలులోనే దాగి ఉంటాయి. కాళ్ళు పొట్టి. దాదాపు మనిషి ఛాతీ ఎత్తు మాత్రమే ఉండే ఈ జంతువులో మగది మూడు, నాలుగు వందల కిలోలు తూగుతుంది. చలికాలంలో తక్కువ తింటుంది, తక్కువ నడుస్తుంది, ఒంటి లోపలి మంటను కూడా తగ్గించుకుని వేసవిలో పట్టిన కొవ్వు మీద బతుకుతుంది. గాలికి మంచు పలచబడిన మిట్టలు వెతుక్కుని, గిట్టతో గీరి కింది ఎండుగడ్డి అందుకుంటుంది. నేల మీద మంచు ఇంకా కరగకముందే, ఏప్రిల్, మే నెలల్లో ఈనుతుంది. వేడి పుట్టించడానికే పనికొచ్చే ఒకరకం కొవ్వుతో ఆ దూడ పుడుతుంది. వేసవి రాగానే లోపలి ఉన్ని ముద్దలు ముద్దలుగా రాలి పొదలకు చిక్కుకుంటుంది. అంత ఒత్తైన ఉన్ని కప్పుకున్న జంతువుకు పరుగెత్తించే వేడిరోజు ప్రమాదం గానీ, నిలబడి ఉండే చలిరోజు ప్రమాదం కాదు. మనకు నరకంగా కనిపించేది దానికి ఇల్లు. ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. పేరులో ఎద్దు ఉన్నా వంశంలో అది మేకకూ గొర్రెకూ దగ్గర. పేరులో కస్తూరి ఉన్నా దానికి కస్తూరి గ్రంథి లేదు. పైకి కనిపించిన రూపం చూసి, తగిలిన వాసన చూసి పెట్టిన పేరది. రూపాన్ని చూసి స్వభావాన్ని తేల్చేయడం మనుషులకు అలవాటు, ఈ వ్యాసం తగువు కూడా ఆ అలవాటుతోనే.

ఒంటికీ చలికీ ఇంత పొందిక ఎలా కుదిరింది? మన దర్శనాల్లో దీనికి పాత సమాధానాలున్నాయి. కుండను చూస్తే కుమ్మరి ఉన్నాడని తెలిసినట్టే, ఇంత కుదురైన లోకాన్ని చూస్తే కర్త ఉన్నాడని తెలుస్తుందన్నది నైయాయికుల వాదం. పదో శతాబ్దంలో ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని చివరి మెట్టు దాకా తీసుకెళ్ళాడు. కర్త ఎవరూ అక్కర్లేదు, ముల్లు వాడిగా ఉండడం ముల్లు స్వభావం, అంతకు మించి అడగవద్దన్నది లోకాయతుల వైపు నుంచి వినబడే స్వభావవాదం. వెయ్యేళ్ళకు పైగా ఈ రెండు పక్షాలూ ఒకదాన్నొకటి ఖండించుకుంటూ వచ్చాయి. అయితే ఒక విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. ఆ పొందిక జంతువు లోపల ఉందనే ఇద్దరూ నమ్మారు. ఒకరు దాన్ని దేవుడు పెట్టాడన్నారు, ఇంకొకరు దానంతట అదే ఉందన్నారు. అసలు అది లోపల ఉందా అని అడిగినవాడు మూడోవాడు.

ఆ మూడోవాడు, బౌద్ధాచార్యుడు నాగార్జునుడు, మన నేలకు పరాయివాడు కాడు. ఖమ్మం నుంచి గంటలోపు ప్రయాణంలో నేలకొండపల్లి ఉంది. రామదాసు పుట్టిన ఊరుగా అది అందరికీ తెలుసు. అక్కడ ఒక పెద్ద బౌద్ధ స్తూపం, విహారాల పునాదులు ఉన్నాయన్న సంగతి తెలిసినవారు తక్కువ. కృష్ణ నీళ్ళ నడుమ ఒక కొండ ఆయన పేరే పెట్టుకుని ఉంది. ఆ ఆచార్యుడు మూలమధ్యమక కారికలలో పదిహేనో ప్రకరణాన్ని స్వభావ పరీక్షకే కేటాయించాడు. ఆయన అడిగింది చాలా సూటి ప్రశ్న. స్వభావం అంటే ఒకరు చేసింది కాకూడదు, మరొకదాని మీద ఆధారపడకూడదు. అలాంటిది ఏ వస్తువులోనైనా చూపించగలరా? నిప్పుకు వేడి స్వభావం కదా అని లోకం అంటుంది. ఏడో శతాబ్దంలో ఆయన కారికలకు వ్యాఖ్య రాసిన చంద్రకీర్తి ఆ వేడిని కూడా ఒప్పుకోలేదు. కట్టె వల్ల, రాపిడి వల్ల పుట్టిన వేడిని నిప్పు సొంతం అని ఎలా అంటామన్నాడు. ఇది మాటల గారడీ అని చాలామంది కొట్టిపారేశారు. మంచులో మేసే ఈ జంతువును పక్కన పెట్టుకుని చదివితే అది గారడీ కాదని, కళ్ళెదుట కనిపించే సంగతేనని తెలుస్తుంది.

తోడేళ్ళు వచ్చినప్పుడు కస్తూరి ఎద్దులు పారిపోవు. పెద్దవన్నీ భుజం భుజం కలిపి, తలలు బయటికి పెట్టి వలయం కడతాయి. దూడలు నడుమ ఉంటాయి. ఎటునుంచి వచ్చినా కొమ్ములే ఎదురవుతాయి. మన నీతిశాస్త్రం ఏ కొలతతో కొలిచినా ఇది ధర్మమే. వెన్ను చూపకపోవడం, బలహీనుణ్ణి నడుమ పెట్టుకుని కాపాడడం, పక్కవాణ్ణి వదలకపోవడం, అన్నీ ఉన్నాయి అందులో. వేల ఏళ్ళు ఆ కట్టు నిలబడింది. తర్వాత తుపాకీ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో తిమింగలాల వేటగాళ్ళు, తోళ్ళ వర్తకులు, ధ్రువ యాత్రికులు ఆ మందల దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. మంద పారిపోలేదు, వలయం కట్టింది. ఒక్క మనిషి దూరంగా నిలబడి ఆ వలయంలో చివరి జంతువు దాకా కాల్చగలిగాడు. జంతుప్రదర్శనశాలలకు దూడలు కావాలంటే చుట్టూ నిలబడిన పెద్దవాటిని చంపితే గానీ దూడ దొరికేది కాదు, అలాగే చేశారు. అలాస్కాలో ఆ జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. కెనడా 1917లో వేటను నిషేధించాకే అక్కడ మిగిలినవి మిగిలాయి. ఈ కథలో జంతువు వైపు ఏం మారింది? కొమ్ములు అవే, తెగువ అదే, దూడ మీద మమకారం అదే. తోడేలు ఎదుట కోటగా నిలిచిన వలయం తుపాకీ ఎదుట ఉరికంబమైంది. ధైర్యం ఆ జంతువు ఒంట్లో ఉన్న గుణమే అయితే రెండు చోట్లా ఒకే ఫలం ఇవ్వాలి. ఇవ్వలేదు కాబట్టి ఆ గుణం తోడేలుకూ, బయలుకూ, మందకూ మధ్య ఉన్నదే గానీ ఒక్క ఒంట్లో ఉన్నది కాదు.

వాన సంగతి ఇంకా కఠినమైనది. మనకు వాన అంటే వరం. మబ్బు కోసం కప్పతల్లి ఆడించే ఊళ్ళు మనవి. 2003 అక్టోబరులో కెనడాలోని బ్యాంక్స్ ద్వీపంలో మంచు మీద వాన కురిసింది. కురిసిన నీరు మంచులోకి ఇంకి గడ్డకట్టి, గడ్డి మీద గట్టి పలకలా పరుచుకుంది. గిట్ట గీరితే లేచే మంచు కాదది. దాదాపు 20,000 కస్తూరి ఎద్దులు ఆకలితో చచ్చిపోయాయి. ఆ ఉన్ని ఏమీ తగ్గలేదు, ఆ కొవ్వు ఏమీ లోపించలేదు, ఆ గిట్టలు మొద్దుబారలేదు. చలిని తట్టుకునే శరీరం అంటే పొడి మంచు పలచగా పరుచుకున్న నేల మీద చలిని తట్టుకునే శరీరమని అర్థం. ఆ నేల అన్న మాటను మనం రాయలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఉంటుందనుకున్నాం.

ఇదంతా దూరదేశపు ముచ్చట కాదు. గోదావరి తీర జిల్లాల అడవుల్లో దీనికి జోడీ ఉంది. అది అడవిదున్న. కిన్నెరసాని అభయారణ్యం, పాపికొండలు దాని తావులు. మగది తొమ్మిది వందల కిలోలు, ఒక్కోసారి అంతకు మించి తూగుతుంది. వీపు మీద కండ గట్టులా లేచి ఉంటుంది, మోకాళ్ళ కింద తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టుంటుంది, మిగతా ఒళ్ళంతా నలుపు. ఈ నలుపు దగ్గరే ఆగాలి. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అలాంటి చోట బతికే జంతువుకు ఎండను పీల్చుకునే నల్ల చర్మం ఏమిటి? స్వభావవాది దీన్ని వేడికి తగిన ఒళ్ళు అని చెప్పలేడు, ఎందుకంటే ఒళ్ళు ఒక్కటే చూస్తే తగినది కాదు. తెల్లవారుజామున, సాయంత్రం మేసి, మిట్టమధ్యాహ్నం వెదురు పొదల నీడలో పడుకుని నెమరు వేసి, వాగుకు వెళ్ళి నీళ్ళు తాగే జంతువది. దాని చల్లదనం చర్మంలో లేదు, వెదురులో ఉంది, వాగులో ఉంది. ఆ చల్లని నీడను తీసేస్తే, చర్మం ఏ మార్పూ లేకుండానే, దానికి శత్రువవుతుంది. కస్తూరి ఎద్దు ఉన్ని చెప్పిన మాటనే అడవిదున్న నలుపు ఇంకా గట్టిగా చెబుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది, తేలికగా తీసేయదగింది కాదు. స్వభావం ఒంట్లో లేదంటే జంతువుకు సొంతమంటూ ఏమీ లేనట్టేనా, ఉన్ని కూడా మాయేనా? కాదు. నాగార్జునుడు కూడా ఉన్ని లేదనలేదు. ఉన్ని తనంతట తాను వెచ్చదనం కాదన్నదే విషయం. మరి జంతువులను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళినా బతుకుతున్నాయి కదా అని ఇంకొకరు అడగవచ్చు. నిజమే, బతికాయి. 1930లో తూర్పు గ్రీన్‌లాండ్ నుంచి 34 కస్తూరి ఎద్దులను అలాస్కాకు తెచ్చి, కొన్నేళ్ళకు నునివాక్ ద్వీపంలో వదిలారు. ఈనాటి అలాస్కా మందలకు మూలం అవే. మన దేశంలో బాంధవగఢ్‌లో 1990ల చివరికి అడవిదున్న కనబడకుండా పోతే, 2011లో కాన్హా నుంచి తెచ్చి వదిలారు. అవీ నిలిచాయి. అయితే వీటిని ఎక్కడ వదిలారో చూడండి. ఒకప్పుడు అదే జాతి మేసిన ప్రాంతంలో, అదే గడ్డి, అదే చలి, అదే వెదురు ఉన్నచోట. ఊరు మారింది గానీ తావు మారలేదు. ఈ రెండు ప్రయత్నాలూ నా వాదానికి ఎదురు సాక్ష్యం కావు, దానికి దొరికిన మంచి సాక్ష్యాలు.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి మారుతూనే ఉంటాయని మీరే అంటున్నారు, అలాంటప్పుడు నేల మారితే ఒళ్ళూ మారుతుంది, ఎందుకీ ఆందోళన అంటారు. ఒళ్ళు మారుతుంది, కాదనను. ధ్రువ ప్రాంతపు రెయిన్‌డీర్ జింక కంటి వెనుక పొర వేసవిలో బంగారు రంగులో ఉండి, చీకటి చలికాలం వచ్చేసరికి నీలంగా మారుతుందని శాస్త్రవేత్తలు గుర్తించారు. కంటి రంగు కూడా రుతువుతో ఒప్పందం మీద నడుస్తోందన్నమాట. కానీ ఆ మార్పు ఏటా వచ్చిపోయే మార్పుకు తరతరాలుగా అలవాటుపడిన మార్పు. ఎన్నడూ లేనిది ఒక్క తరంలో వచ్చి పడితే ఏమవుతుందో చూడాలంటే కస్తూరి ఎద్దు పాత చరిత్ర చూడాలి. మంచుయుగంలో మామత్ ఏనుగులతో కలిసి అది ఐరోపాలో, ఇప్పటి ఫ్రాన్స్ దాకా మేసింది. భూమి వేడెక్కినప్పుడు మామత్‌లు పోయాయి, ఇది మిగిలింది. ఎలా మిగిలింది? వేడికి తగ్గట్టు ఒళ్ళు మార్చుకుని కాదు, చలి వెంట ఉత్తరానికి జరిగిపోయి. ఒళ్ళు మారలేదు, చోటు మారింది. ఇప్పుడు దానికి ఉత్తరాన సముద్రం తప్ప నేల లేదు. 1979 నుంచి చూస్తే ధ్రువ ప్రాంతం భూమి సగటుకన్నా సుమారు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. ఆడది సాధారణంగా ఈతకు ఒక్క దూడనే వేస్తుంది, ఏటా ఈనదు కూడా. ఆ లెక్కన కొత్త ఒళ్ళు తయారు కావడానికి పట్టే కాలాన్ని మనం దానికి ఇవ్వడం లేదు. కిన్నెరసాని దున్నకూ అంతే. అడవి చుట్టూ పొలాలు, గనులు, రోడ్లు ఉన్నాయి. జరగడానికి దానికి ఉత్తరం కూడా లేదు.

నాగార్జునుడు అడవుల గురించి రాయలేదు, దుఃఖం నుంచి విడుదల గురించి రాశాడు, ఆయన్ను తెచ్చి అభయారణ్యంలో నిలబెట్టడం అన్యాయం అని బౌద్ధం చదివినవారు అనవచ్చు. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను. ఆయన లక్ష్యం విముక్తే. కానీ రాజుకు హితబోధగా రాసిన రత్నావళిలో ఆయన నీళ్ళు లేని దారుల్లో చలివేంద్రాలు పెట్టించమన్నాడు, చీమల పుట్టల ముఖద్వారాల దగ్గర తిండీ నీళ్ళూ పెట్టడానికి నమ్మకమైన మనుషులను నియమించమన్నాడు. చీమను చంపవద్దని చెప్పి ఊరుకోలేదు. చీమలు ఉండేచోటుకి, వాటి వాకిట్లోకి వెళ్ళమన్నాడు. స్వభావం లేదన్న ఆచార్యుడే పుట్ట దగ్గరికి మనిషిని పంపాడంటే ఆ రెండు మాటలకూ సంబంధం ఉందనే నేను చదువుకుంటాను. ప్రాణి బతుకు దాని ఒంట్లో మాత్రమే లేదని తెలిసినవాడికి దయ కూడా ఒంటి దగ్గరే ఆగదు.

అహింస గురించి మన అలవాటు నిర్వచనం చంపకపోవడం. శాకాహారం, జీవహింస మానడం, చేతిలో కత్తి లేకపోవడం. ఆ కొలతతో చూస్తే బ్యాంక్స్ ద్వీపంలో చచ్చిన 20,000 జంతువుల విషయంలో ఎవరి చేతికీ నెత్తురు లేదు. ఆ ఒక్క వాననూ మన పొగకు అంటగట్టడం సరికాదు. కానీ అలాంటి వానలు ఎక్కువయ్యే లోకాన్ని మనం తయారుచేస్తున్నామన్నది నిజం. ఎవరూ కాల్చకుండానే జాతి పోయే రోజుల్లో, కాల్చకపోవడాన్ని అహింస అనుకుని తృప్తి పడడం పెద్ద పొరపాటు. ప్రాణిని ప్రాణిగా నిలబెట్టిన నీడను, నీటిని, పొడి మంచును తీసేయడం కూడా హింసే. భద్రాద్రి రాముణ్ణి కొలిచే భక్తుడికి నాగార్జునుడి తర్కం రుచించకపోవచ్చు. ఫరవాలేదు. ప్రతి ప్రాణినీ దేవుడే దాని చోటుకు తగ్గట్టు చేశాడని ఆయన నమ్మితే ఈ బాధ్యత ఇంకా పెరుగుతుంది. అప్పుడు చోటును పాడు చేయడం దేవుడు చేసిన పనిలో సగాన్ని చెరపడమవుతుంది.

చివరగా మనుషుల మాట. అడవి పేరు చెప్పి ఆదివాసీ కడుపు కొట్టకూడదన్న అభ్యంతరం న్యాయమైనది, దాన్ని నేను అభ్యంతరంగా కాక, నా వాదంలో మిగిలిన భాగంగా చూస్తాను. కోయలు పండుగల్లో, పెళ్ళిళ్ళలో అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని డోలు కొడుతూ ఆడతారు. కొమ్ము కోయ ఆట అని దానికి పేరు. ఆ కొమ్ములు తాతల నుంచి మనవలకు వస్తాయి. పాపికొండల వరుసను ఇంగ్లీషువాళ్ళు బైసన్ హిల్స్ అన్నారు, అంటే దున్నల కొండలు. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1945లో అచ్చువేసిన కొండరెడ్ల పుస్తకానికి ఆ పేరే పెట్టాడు. జంతువు పేరు కొండకు, కొండ పేరు మనుషులకు వచ్చిన చోటు అది. అక్కడి కోయలు, కొండరెడ్లు చాలామంది పోలవరం ముంపు వల్ల ఊళ్ళు వదిలి కాలనీలకు వెళ్ళవలసి వచ్చింది. వారికి ఇల్లు ఇస్తే సరిపోయిందనుకోవడం, దున్నను కాల్చకపోతే సరిపోయిందనుకోవడం, రెండూ ఒకే పొరపాటు. ఇది మనిషిని జంతువుతో పోల్చడం కాదు. మే నెల మధ్యాహ్నం ఫ్యాను ఆగిపోయిన గదిలో కూర్చున్న పట్నవాసి బతుకు కూడా అతని ఒంట్లో లేదు. అడవిని కాపాడే పనిలో కోయను బయటికి నెట్టే విధానం ఏదైనా నా వాదానికి విరుద్ధమే, ఎందుకంటే ఆ తావులో ఆయన కూడా ఒక భాగం. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడే అధికారం కూడా ఇచ్చింది. ఆ అధికారం కాగితం మీద మిగిలిపోకుండా చూడడం అహింస పనే.

కాబట్టి ఈ జిల్లాల పాఠకులకు ఒక విన్నపం. గని కోసమో, రోడ్డు కోసమో ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు వెళ్ళండి. ఎన్ని చెట్లు పోతాయి, ఎంత పరిహారం వస్తుంది అని అడిగేవారు ఎలాగూ ఉంటారు. మీరు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: మే నెలలో ఆ వాగు నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, మధ్యాహ్నం పూట ఆ వెదురు నీడలో ఏ జంతువు పడుకుంటుంది. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి.